గ్లూ డాట్స్‌తో అతికించడం ఎలా?

గ్లూ డాట్ అంటే కాగితం మీద వరసగా వచ్చే మెత్తని జిగురు చుక్క. తడి లేదు, వేడి చేయక్కర్లేదు, ఆరేదాకా కాచుకోనక్కర్లేదు. నొక్కితే అంటుకుంటుంది. చాలామంది ఆ నొక్కడమే మర్చిపోతారు. పైపైన ఆనించి వదిలేసి, మర్నాడు ఊడిపోతే డాట్ మీద తప్పు పెడతారు. గట్టిగా నొక్కినప్పుడే జిగురు కొద్దిగా పారి, కంటికి కనపడని గరుకుల్లోకి దిగుతుంది. అసలు పట్టు అక్కడే వస్తుంది.

ముందు సరైన రకం ఎంచుకోండి. తర్వాత ఊడదీసే పనుంటే రిమూవబుల్, లేదంటే పర్మనెంట్. కార్డు మీద కాగితం పువ్వుకి పల్చటి డాట్ చాలు. గవ్వలు, గుండీల్లాంటి ఎగుడుదిగుడు వస్తువులకు మందపాటిది కావాలి. ఫొటోలకైతే ప్యాకెట్ మీద యాసిడ్ ఫ్రీ (ఆమ్లం లేనిది) అని ఉన్నదే కొనండి.

అతికించే చోట దుమ్ము, జిడ్డు లేకుండా తుడవండి. గాజుకి, లోహానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బాగా పనిచేస్తుంది. పూర్తిగా ఆరాకే డాట్ పెట్టాలి.

ఇప్పుడు అసలు కిటుకు. డాట్‌ని వేలితో పీకొద్దు. వేలి జిడ్డు అంటితే పట్టు తగ్గుతుంది, పైగా చుక్క సాగి ముద్దవుతుంది. వస్తువునే డాట్ మీద పెట్టి, నొక్కి, మెల్లగా పైకి లేపండి. కింది కాగితానికి సిలికాన్ పూత ఉంటుంది కాబట్టి డాట్ దాన్ని వదిలి వస్తువుతో వచ్చేస్తుంది. ఆ వస్తువుని అనుకున్న చోట పెట్టి, బొటనవేలితో 10 నుంచి 15 సెకన్లు గట్టిగా అదమండి. బరువు వేలాడదీసేదుంటే 24 గంటలు ఆగండి, పట్టు నెమ్మదిగా పెరుగుతుంది. చల్లటి గదిలో జిగురు బిగుసుకుపోతుంది, అక్కడ ఈ పని పెట్టుకోవద్దు.

పత్రిక పేజీకి షాంపూ సాచెట్, ఉత్తరానికి ప్లాస్టిక్ కార్డు అతికి ఉండటం చూసే ఉంటారు. అవీ ఇలాంటి డాట్సే. వేలల్లో అతికించాలంటే చేతి అప్లికేటర్ గానీ, యంత్రం గానీ వాడతారు. డాట్స్ ఆర్డర్ పెట్టేముందు మాత్రం అదే కాగితం, అదే సాచెట్‌తో కొన్ని అతికించి, ఒకరోజు ఉంచి, లాగి చూడండి. కాగితం చిరిగితే తక్కువ పట్టున్న రకం తీసుకోండి. పాలిథిన్, పాలీప్రొపైలిన్ కవర్లకు జిగురు సరిగా పట్టదు, వాటికి హై ట్యాక్, అంటే ఎక్కువ జిగటున్న రకం అడగాలి.

తీసేటప్పుడు గోటితో గీకకండి. డాట్ అంచుని వేలితో రుద్దుతూ దొర్లిస్తే ఉండలా చుట్టుకుని వచ్చేస్తుంది.