మోటార్‌హోమ్‌లో మొబిలిటీ స్కూటర్ తీసుకెళ్లే ముందు చూసుకోవాల్సినవి

మొబిలిటీ స్కూటర్ అంటే నడవడం కష్టమైనవాళ్లు కూర్చుని నడుపుకునే చిన్న బ్యాటరీ వాహనం; మోటార్‌హోమ్ అంటే లోపలే పడుకునే వసతి ఉన్న బండి. అన్నిటికంటే ముందు బరువు సంగతి తేల్చుకోండి. స్కూటర్, బ్యాటరీలు, ర్యాక్, ర్యాంప్ అన్నీ కలిపి లెక్కేయాలి. వెనక ఇరుసు దాటి బయటికి వేలాడే ర్యాక్ మీద పెడితే, ఆ ఇరుసుపై పడే భారం స్కూటర్ అసలు బరువు కంటే ఎక్కువే ఉంటుంది. ముందు ఇరుసు ఆ మేరకు తేలికవుతుంది, స్టీరింగ్ పట్టు తగ్గుతుంది. కాబట్టి మొత్తం బరువు పరిమితిలోనే ఉందని ఊరుకోవద్దు. నీళ్లు, సామాను, మనుషులతో సహా నింపి, వేబ్రిడ్జి మీద ఒక్కో ఇరుసునూ విడిగా తూయించండి. ఈ పని చేయకుండా ర్యాక్ కొనొద్దనే చెప్తాను.

ఎక్కించేటప్పుడు:
- ర్యాంప్ పొడుగ్గా ఉంటే వాలు తగ్గుతుంది. మనిషిని కూర్చోబెట్టి ఎక్కించొద్దు.
- వాలు మీద ఫ్రీవీల్ లివర్ (స్కూటర్‌ని చేత్తో నెట్టడానికి వాడే మీట) తిప్పొద్దు. తిప్పితే మోటార్ బ్రేక్ వదిలేస్తుంది, స్కూటర్ వెనక్కి దొర్లుతుంది.
- లోపల పెట్టాక లివర్ డ్రైవ్‌లో (బ్రేక్ పట్టి ఉండే స్థితిలో) ఉంచి, తాళం చెవి తీసేయండి.

బెల్టులు నాలుగు మూలలా ఫ్రేమ్‌కే కట్టాలి, సీటుకో హ్యాండిల్‌కో కాదు. సీటు, బుట్ట ఊడదీసి విడిగా సర్దండి. కొంత దూరం వెళ్లాక బండి ఆపి బిగువు మళ్లీ చూడండి. బెల్టులు మొదట్లో కాస్త సడలుతాయి.

బయటి ర్యాక్ అయితే వెనక లైట్లు, నంబర్ ప్లేట్ కనబడాలి, స్కూటర్‌కి వాన కవర్ ఉండాలి.

ఉబ్బిన, దెబ్బతిన్న లిథియం బ్యాటరీని మాత్రం బండి ఎక్కించొద్దు. మనం పడుకునేది కూడా అందులోనే కదా.

చార్జర్ పెట్టుకున్నారా?