హిమానీనదాలు పరిచిన ఇసుక-కంకర అటవీ నేలను గుర్తించడం ఎలా? విశాఖ మట్టితో మొదలుపెట్టి నేర్చుకునే పద్ధతి

విశాఖపట్నం నుంచి పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లే పెద్దవారిలో చాలామంది మిషిగన్, మసాచుసెట్స్, మెయిన్ వంటి ఉత్తరాది రాష్ట్రాల పైన్ అడవుల్లో నడిచి వస్తారు. వాన వెలిసిన కాసేపటికే బురద జాడ లేకుండా పొడిగా మారిపోయే అక్కడి నేలల్లో కొన్ని, వేల ఏళ్ల కిందట మంచు కరిగిన నీరు పరిచినవి. వాటిని గుర్తుపట్టడానికి ప్రయోగశాల అక్కరలేదు. చేతికి, కంటికి కొంత అలవాటు కావాలి. ఆ అలవాటును విశాఖలోనే చేసుకోవచ్చు. మన ఇసుక పుట్టుక వేరు కాబట్టి పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ బాగా అర్థమవుతాయి.

ముందు ఆ నేల ఎలా ఏర్పడిందో తెలియాలి. సుమారు 20,000 ఏళ్ల కిందట ఉత్తర అమెరికా పైభాగాన్ని మంచు కప్పి ఉండేది. ఆ మంచు కరుగుతూ వెనక్కి తగ్గుతున్నప్పుడు దాని అంచు నుంచి పాయలు పాయలుగా పారిన నీరు, మంచు మోసుకొచ్చిన రాతి ముక్కలను తనతో ఈడ్చుకుపోయి ముందున్న పల్లంలో పరిచింది. బరువైన గులకరాళ్లు మంచు అంచుకు దగ్గరగా ఆగిపోయాయి, ఇసుక కొంత దూరం వెళ్లి ఆగింది, సన్నని ఒండ్రు, బంకమట్టి రేణువులు ఇంకా దూరంగా నిశ్చల జలాల వరకు కొట్టుకుపోయాయి. ఇలా హిమజలం, అంటే మంచు కరిగిన నీరు, పరిచిన మేటనే అవుట్‌వాష్ అంటారు. మంచు తానే నేరుగా దించి వెళ్లిన కలగాపులగపు మట్టిని టిల్ అంటారు; అందులో బండరాయి నుంచి బంకమట్టి వరకు అన్నీ కలిసిపోయి ఉంటాయి. నీటి చేతిలో జల్లించబడిందా లేదా అన్నదే ఈ రెండింటికీ ఉన్న అసలు తేడా, కింద చెప్పే పరీక్షల్లో చాలావరకు దాన్ని తేల్చడానికే.

మొదటి అడుగు: మూడు రకాల మట్టిని ఎంచుకోండి

మొదటిది, ఇల్లు కడుతున్న చోట కుప్ప పోసిన నది ఇసుక. తాపీ పనివారు జల్లెడ పట్టిన తర్వాత పక్కన పారేసే గులకరాళ్లతో సహా అడిగి తీసుకోండి. హిమజలం పరిచిన మేటకు మన ఊళ్లో దొరికే అత్యంత దగ్గరి పోలిక ఇదే, ఎందుకంటే రెండింటినీ పారే నీరే జల్లించింది. రెండవది, మీ పెరట్లోని మట్టి, లేదా యజమాని అనుమతితో ఏదైనా కొండవాలు కింద స్థలం నుంచి తీసిన మట్టి. మూడవది సముద్రపు ఇసుక. దీన్ని ఇంటికి తేనక్కరలేదు, ఒడ్డునే అరచేతిలో పోసుకుని భూతద్దంతో చూస్తే చాలు. ఎర్రమట్టి దిబ్బల్లో గానీ, కంబాలకొండ అభయారణ్యంలో గానీ గుప్పెడు మట్టి కూడా తీయవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. అవి రక్షిత స్థలాలు. అక్కడ వానకు కోసుకుపోయిన గట్లను దూరం నుంచి చూసినా కావలసినంత కనిపిస్తుంది.

పనిముట్లుగా గునపం, చిన్న పార, 2 మిల్లీమీటర్ల కన్నాలున్న జల్లెడ, మూత గట్టిగా పట్టే గాజు సీసా, రెండు బకెట్లు, భూతద్దం, టేపు, రెండు వైపులా తెరిచిన ఒక డబ్బా సరిపోతాయి.

రెండవ అడుగు: గుంట తీసి గోడను చదవండి

నేలను పైనుంచి చూసి తీర్పు చెప్పకూడదు. మోకాలి లోతు గుంట తీసి, ఎండ పడే వైపు గోడను పారతో నిటారుగా చెక్కి, వదులు మట్టిని దులిపేయండి. ఇసుక నేలలో గోడ చెప్పకుండా కూలుతుంది కాబట్టి నడుము లోతుకు మించి తవ్వవద్దు, పిల్లలను గుంటలోకి దింపవద్దు. తీసిన మట్టిని పై పొర ఒకవైపు, లోపలి పొర మరోవైపు విడివిడిగా గోనెసంచుల మీద పోయండి.

మూడవ అడుగు: జల్లించి, రాళ్లను కొలవండి

నేల శాస్త్రంలో 2 మిల్లీమీటర్లకు మించిన ముక్కలన్నీ రాళ్ల కిందకు వస్తాయి, 0.05 నుంచి 2 మిల్లీమీటర్ల వరకు ఇసుక, అంతకన్నా సన్నగా 0.002 మిల్లీమీటర్ల వరకు ఒండ్రు, ఇంకా సన్ననిది బంకమట్టి. పది లీటర్ల బకెట్ నిండా తీసిన పొడి మట్టిని జల్లించి, జల్లెడలో మిగిలిన రాళ్లను గీత వరకు నీళ్లున్న రెండో బకెట్‌లో వేయండి. నీటిమట్టం ఎన్ని లీటర్ల మేర లేచిందో అది రాళ్ల ఘనపరిమాణం. మూడున్నర లీటర్లు, అంటే 35 శాతం, దాటితే ఆ నేలను రాళ్ల నేలగానే లెక్కించాలి. అమెరికా ఈశాన్య మూలనున్న న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో హింక్లీ అనే పేరుతో వర్గీకరించిన హిమజల నేల ఈ కోవలోనిది. తవ్వినప్పుడు మట్టి వదులై ఉబ్బుతుంది గనుక మీ లెక్క అసలు కన్నా కొంచెం తక్కువగానే వస్తుందని గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఆ రాళ్లను కడిగి గుడ్డ మీద పరచండి. నది ఇసుకలోని రాళ్ల అంచులు అరిగి నున్నగా ఉంటాయి. విశాఖ కొండల కింది మట్టిలో దొరికే ముక్కలు ఎక్కువగా కోణాలతో, చేతికి గుచ్చుకునేలా ఉంటాయి, ఎందుకంటే అవి పైనున్న కొండరాయి నుంచి విడిపోయి జారి వచ్చినవే తప్ప ఏ నదిలోనూ దొర్లినవి కావు. ఆ కొండరాయి తూర్పు కనుమల్లో విస్తారంగా ఉండే ఖోండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీదుగానే దానికి ఆ పేరు వచ్చింది. హిమజల మేటలోని రాళ్లు మన నది రాళ్లలాగే అరిగి గుండ్రబడి ఉంటాయి, పైగా ఒకే గుప్పెట్లో పలు జాతుల రాళ్లు కనిపిస్తాయి. మంచు దారిపొడవునా తగిలిన ప్రతి రాతి నుంచీ కొంత గీకి తెచ్చింది మరి.

నాలుగవ అడుగు: తడిపి, ఉండ చేయండి

జల్లించిన సన్న మట్టిని తడిపి ఉండ చేసే ప్రయత్నం చేయండి. ఉండ కాకుండా విడిపోతే అది ఇసుక. ఉండ అయినా బొటనవేలితో నొక్కి సాగదీస్తే పట్టీలా రాకుండా తెగిపోతే ఇసుక పాలు ఎక్కువున్న గరప నేల. జిగటగా పొడవాటి పట్టీ వస్తే బంకమట్టి ఎక్కువున్నట్టు. అనుమానం ఉంటే సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు నింపి, బాగా కుదిపి కదలకుండా పెట్టండి. ఇసుక ఒక నిమిషంలోపే అడుగుకు చేరుతుంది, ఒండ్రుకు గంటలు పడుతుంది, బంకమట్టి మరుసటి రోజుకు కూడా నీటిని మసకగానే ఉంచవచ్చు. హిమజల నేలలో లోపలి పొర మట్టి వేస్తే నీరు త్వరగా తేటపడుతుంది.

ఐదవ అడుగు: రంగును పైనుంచి కిందకు చూడండి

నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం ఇదే, తొందరపడకుండా చేయవలసినదీ ఇదే. పైన్ అడవిలో హిమజల నేలను తవ్వితే, మొదట సగం కుళ్లిన పైన్ ఆకుల నల్లటి చాప వంటి పొర వస్తుంది. చాలాచోట్ల దాని కింద బూడిద రంగు ఇసుక, ఆ కింద ఒక్కసారిగా కాఫీ గింజ రంగులోనో తుప్పు రంగులోనో ఇసుక, ఇంకా కింద రంగు వెలసిన పసుపు ఇసుక, చివరికి ఇసుక, గులకరాళ్లు వరుసవరుసగా పేర్చినట్టున్న అసలు మేట కనిపిస్తాయి. చల్లని తడి వాతావరణంలో ఆకులు మెల్లగా కుళ్లుతూ విడుదల చేసే సేంద్రియ ఆమ్లాలు ఇసుక రేణువుల మీది ఇనుమును, అల్యూమినియాన్ని కరిగించి కిందకు దించేస్తాయి. పూత పోయిన క్వార్ట్జ్ (పలుగురాయి) రేణువులు బూడిదలా తెల్లబడతాయి, దిగిన ఇనుము కింది పొరలో చేరి దాన్ని ఎర్రబారుస్తుంది. ఇటువంటి నేలకు పాడ్‌జాల్ అన్న రష్యన్ పేరు ఉంది. బూడిద కింద అని దాని అర్థం. మిషిగన్ రాష్ట్ర నేలగా గుర్తింపు పొందిన కల్కాస్కా ఇసుక దీనికి చక్కని ఉదాహరణ.

మన దగ్గర అదే ఇనుము పూర్తిగా వేరే తీరున నడుచుకుంటుంది. భీమునిపట్నం దారిలోని ఎర్రమట్టి దిబ్బలను చూడండి. పైన లేత పసుపు ఇసుక, దాని కింద ఇటుక రంగు ఇసుక, ఆ కింద గట్టి గుళికలతో కూడిన గోధుమ-ఎరుపు ఇసుక, అడుగున మళ్లీ పసుపు ఇసుక ఉన్నాయి. ఇక్కడి వేడికి ఆకు త్వరగా కుళ్లి మాయమవుతుంది, ఇనుమును కరిగించి తీసుకుపోయే ఆమ్లాలు పేరుకోవు. రాతి ఖనిజాల నుంచి విడుదలైన ఇనుము అక్కడికక్కడే తుప్పుపట్టి రేణువును పూతలా కప్పుకుంటుంది. అందువల్ల ఉత్తరాన ఇసుక తెల్లబడితే ఇక్కడ ఎర్రబడింది. భూతద్దం కింద ఎర్ర రేణువును చూస్తే ఆ పూత కనిపిస్తుంది. ఈ రెండు నేలలను కలిపే మరో సంగతి ఉంది: అక్కడ మంచు పేరుకుని ఉన్న కాలంలో అంత నీరు భూమి మీదే గడ్డకట్టి ఉండటం వల్ల సముద్రమట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు తక్కువగా ఉండేది, ఇప్పుడు అలల కింద ఉన్న మన తీరపు అడుగు భాగం అప్పుడు గాలికి తెరిచిన నేల.

ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రతి హిమజల నేలలోనూ బూడిద పొర ఉండదు. హింక్లీ నేలలోనూ, జాక్ పైన్ చెట్లు పెరిగే మిషిగన్ గ్రేలింగ్ ఇసుకలోనూ అది స్పష్టంగా ఏర్పడలేదు; ఒకప్పుడు దున్నిన చోట పై పొరలు కలిసిపోతాయి. కాబట్టి రంగు లేదని కొట్టిపారేయకుండా, అడుగున నీరు పేర్చిన వరుసలున్నాయా అన్నదే చివరి సాక్ష్యంగా తీసుకోండి.

ఆరవ అడుగు: నీరు ఎంత వేగంగా ఇంకుతుందో కొలవండి

రెండు వైపులా తెరిచిన డబ్బాను మూడు వేళ్ల మేర నేలలోకి దించి, ముందు ఒకసారి నీరు పోసి ఇంకనివ్వండి. రెండోసారి పోసిన నీరు గంటకు ఎన్ని సెంటీమీటర్లు దిగుతుందో చూడండి. హిమజల ఇసుకలో గంటకు 15 సెంటీమీటర్లకు మించి దిగడం మామూలు. దాని ఫలితం రెండు వైపులా ఉంటుంది. వేరుకు అందే నీటిని మంచి గరప నేల పట్టి ఉంచినంతగా ఇది ఉంచలేదు, పోషకాలను నిలిపే బంకమట్టి లేదు, పైగా ఆమ్లగుణం ఎక్కువ. కాబట్టి కరవును, పేదరికాన్ని ఓర్చుకునే చెట్లే అక్కడ నిలుస్తాయి. జాక్ పైన్ కాయలైతే చాలావరకు అడవి మంటల వేడికే విచ్చుకుని గింజలు రాలుస్తాయి. మన తీరంలో ఆ స్థానం జీడిమామిడిది, సరుగుడుది. సరుగుడు తన వేరుబుడిపెలలోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని వాడుకోగలదు.

అంత వేగంగా ఇంకే నేల భూగర్భ జలాన్ని నింపుతుంది, అంతే వేగంగా పాడు కూడా చేస్తుంది. మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ ప్రజలు తాగే నీరు ప్రధానంగా ఇటువంటి మేటల నుంచి వచ్చేదే. అందుకే ఇసుక నేలలో ఇల్లు కట్టుకున్నవారు, అక్కడైనా భీమిలి తీరంలోనైనా, సెప్టిక్ ట్యాంకును బావికి దూరంగా ఉంచాలి, ఎరువును ఒకేసారి కుమ్మరించకుండా పశువుల ఎరువుతో పాటు కొంచెం కొంచెంగా పలుమార్లు వేయాలి.

అక్కడికి వెళ్లినప్పుడు

చదునైన మైదానం మధ్య గుండ్రటి చెరువులు కనిపిస్తే ఆగి చూడండి. మేటలో పూడుకుపోయిన మంచుగడ్డ తర్వాత కరిగి, పైనున్న ఇసుక కుంగిన గుంటలు కావచ్చు. వాటిని కెటిల్ అంటారు. పార్కుల్లో తవ్వకుండా, రోడ్డు కోసం కోసిన గట్ల దగ్గర పై పరీక్షల్లో చేతితో చేయగలిగినవి చేసి, పొరల మందాన్ని టేపుతో కొలిచి, ఫోటో తీసి పెట్టుకోండి. జ్ఞాపకంగా మట్టిని సంచిలో వేసుకుని విశాఖకు తేవద్దు. మొక్కల తెగుళ్లు రాకుండా అనుమతి లేని మట్టి దిగుమతిని మన దేశం నిషేధించింది.

ఇంటి దగ్గర తీసిన గుంటను మాత్రం ఆ సాయంత్రమే పూడ్చండి. లోపలి మట్టిని ముందు వేసి, కాలితో అదిమి, పై పొర మట్టిని చివరగా పైనే వేయండి, ఎందుకంటే ఇసుక నేలకు ఉన్న కొద్దిపాటి సారమంతా ఆ బెత్తెడు మందంలోనే ఉంటుంది.