ఇంట్లో సువాసన సబ్బు – 3వ పాఠం: కాస్టిక్‌తో మొదటి వాయి

గత రెండు పాఠాల్లో రెడీమేడ్ సోప్ బేస్ కరిగించి, వాసన కలిపి, అచ్చులో పోశాం. బాగానే వచ్చింది, కానీ అందులో సబ్బు చేసింది మనం కాదు. ఎవరో చేసిన సబ్బుకి మనం సింగారం చేశామంతే. ఈసారి నూనె దగ్గర నుంచి మొదలుపెడదాం.

ముందు ఒక అపోహ వదిలించుకోవాలి. "సహజమైన సబ్బు" అంటే కాస్టిక్ సోడా లేని సబ్బు అని చాలామంది అనుకుంటారు. కాస్టిక్ లేకుండా గట్టి సబ్బు బిళ్ల రాదు. నూనె, కాస్టిక్ కలిసి రెండూ మారిపోయి సబ్బూ గ్లిజరినూ అవుతాయి. లెక్క సరిగ్గా ఉంటే తయారైన బిళ్లలో కాస్టిక్ మిగలదు. మనం కరిగించిన బేస్ కూడా ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో ఇలా పుట్టిందే. కాస్టిక్ వద్దనుకునేవాళ్లకి కుంకుడుకాయ, సున్నిపిండి ఉన్నాయి. అవి మంచివే, కానీ సబ్బులు కావు.

కొనేటప్పుడు "సోడా" అనే మాటతో జాగ్రత్త. వంటసోడా వేరు, బట్టల సోడా వేరు, కాస్టిక్ సోడా వేరు. మనకి కావలసింది కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్. కెమికల్స్ అమ్మే షాపుల్లో పలుకులుగానో గుళికలుగానో దొరుకుతుంది. పొటాషియం హైడ్రాక్సైడ్ ఇస్తే తీసుకోకండి, దాంతో మెత్తటి సబ్బు వస్తుంది. సింకులు, డ్రైనేజీ పైపులు శుభ్రం చేసే పొడి అసలు వద్దు, అందులో ఇంకేమేం కలుస్తాయో మన చేతుల్లో ఉండదు. ఇంటికి తెచ్చాక డబ్బా మూత బిగించి, పిల్లల చేతికందని చోట పెట్టండి. గాలి తగిలితే కాస్టిక్ తేమ పీల్చుకుని జిగటగా అవుతుంది, అప్పుడు తూకం తప్పుతుంది.

ఈ వాయికి 200 గ్రాముల కొబ్బరినూనె, 250 గ్రాముల నువ్వులనూనె, 50 గ్రాముల ఆముదం తీసుకుందాం. కొబ్బరినూనె నురగనీ గట్టిదనాన్నీ ఇస్తుంది, కానీ మరీ ఎక్కువైతే చర్మం పొడిబారుతుంది. నువ్వులనూనె సబ్బుని మృదువుగా ఉంచుతుంది. ఆముదం కొంచెమే అయినా నురగని నిలబెడుతుంది. గానుగ నువ్వులనూనె వాడితే దాని వాసన సబ్బులో కాస్త మిగులుతుంది, గమనించుకోండి. దీపారాధన నూనె ప్యాకెట్ చవక కదా అని దానికి ఆశపడకండి. వాటిలో చాలావరకు రకరకాల నూనెల మిశ్రమాలు, ఏది ఎంత ఉందో తెలియనప్పుడు లెక్క కట్టలేం.

ఇక లెక్క. ఒక్కో నూనెకి పట్టే కాస్టిక్ ఒక్కోలా ఉంటుంది. గ్రాము కొబ్బరినూనెకి సుమారు 0.183 గ్రాములు, నువ్వులనూనెకి 0.134, ఆముదానికి 0.128. అంటే 200 గ్రాముల కొబ్బరినూనెకి 36.6, 250 గ్రాముల నువ్వులనూనెకి 33.5, 50 గ్రాముల ఆముదానికి 6.4. మొత్తం 76.5 గ్రాములు. ఇందులో 5 శాతం తగ్గిస్తే 72.7 వస్తుంది. ఆ తగ్గింపు వల్ల కొంత నూనె సబ్బుగా మారకుండా మిగిలి చర్మాన్ని కాపాడుతుంది, తూకంలో చిన్న తేడా వచ్చినా కాస్టిక్ మిగిలిపోయే భయం ఉండదు. మన కాటా గ్రాముల్లోనే చూపిస్తుంది కాబట్టి 72 గ్రాములు తీసుకుందాం. కాస్టిక్‌ని ఎప్పుడూ కిందికే సవరించాలి, పైకి కాదు. నీళ్లు 160 గ్రాములు, ఆర్.ఓ. నీళ్లయినా డిస్టిల్డ్ వాటరైనా సరే.

అన్నిటినీ కాటా మీదే తూచాలి, కప్పులతో చెంచాలతో కాదు. లీటరు నూనె కిలో తూగదు, ప్యాకెట్ మీద 910 గ్రాములని రాసి ఉంటుంది చూడండి. వంటలో అయితే చేతి అంచనాతో నెట్టుకొస్తాం, ఇక్కడ ఆ అంచనా ఒంటిమీద మంట పెడుతుంది. నూనె ఒకటి మార్చినా లెక్క మళ్లీ మొదటినుంచి కట్టాల్సిందే.

పాత్రలు స్టీలువి కావాలి. అల్యూమినియం గిన్నె దగ్గరికి కూడా రానివ్వకండి, కాస్టిక్ దాన్ని తినేసి హైడ్రోజన్ వాయువు వదులుతుంది. గాజు గ్లాసు కూడా వద్దు, వేడికి పగలొచ్చు. కళ్లద్దాలు కాదు, కళ్లని చుట్టూ మూసే గాగుల్స్ కావాలి. రబ్బరు గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా, కాళ్లకి చెప్పులు ఉండాలి. కిటికీ తెరవండి. పిల్లలు బడికెళ్లిన సమయం చూసుకోండి.

స్టీలు జగ్గులో చల్లటి నీళ్లు పోసి, కాస్టిక్‌ని కొంచెం కొంచెంగా చల్లుతూ కలపండి. నీళ్లలో కాస్టిక్ వేయాలి గానీ కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు. పోస్తే ఒక్కసారిగా పొంగి ముఖం మీదికి చిమ్ముతుంది. కలుపుతుంటే స్టవ్ లేకుండానే నీళ్లు 80 డిగ్రీలు దాటి కాగుతాయి, ఘాటైన ఆవిరి వస్తుంది. ముఖం పక్కకి పెట్టుకోండి. ఈ పాఠంలో టెన్షన్ పడాల్సిన చోటు ఇదొక్కటే, రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఒంటి మీద చుక్క పడితే వెంటనే కుళాయి కింద పెట్టి కనీసం 15 నిమిషాలు కడగండి. వెనిగరో నిమ్మరసమో రాయడం తప్పు. కంట్లో పడితే అలాగే కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

జగ్గుని పక్కన పెట్టి నూనెలు గోరువెచ్చగా చేయండి. చలికాలంలో కొబ్బరినూనె పేరుకుంటుంది కాబట్టి ముందు దాన్ని పూర్తిగా కరగనివ్వాలి. రెండూ 40, 45 డిగ్రీల మధ్యకి వచ్చాక కాస్టిక్ నీళ్లని నూనెలో సన్నటి ధారగా పోయండి. హ్యాండ్ బ్లెండర్‌ని మిశ్రమంలో ముంచాకే ఆన్ చేసి, కాసేపు తిప్పి, ఆపి, దాంతోనే చేత్తో కలుపుతూ ఉండండి. ఈ బ్లెండర్‌ని మళ్లీ వంటకి వాడకండి.

ఎప్పుడు ఆపాలో కన్నే చెప్పాలి. బెల్లం పాకంలో తీగపాకం, ఉండపాకం చూసుకున్నట్టే ఇక్కడా దశలుంటాయి. మొదట మజ్జిగలా పలచగా ఉంటుంది, తర్వాత దోసెల పిండిలా చిక్కబడుతుంది. గరిటెతో తీసి పైనుంచి జారవిడిస్తే ఆ గీత వెంటనే కలిసిపోకుండా ఒక క్షణం పైన నిలవాలి. వాసన కలపాల్సింది అప్పుడే. బజ్జీల పిండి అంత గట్టిపడే దాకా ఆగితే పోయడం కష్టం.

వాసన విషయంలో నేను మొదట్లో బాగా బోల్తాపడ్డాను. లవంగ నూనె అంటే ఇష్టం కదా అని ధారాళంగా పోశాను. నిమిషం తిరక్కుండా గిన్నెలోనే మైసూర్‌పాక్ అయి కూర్చుంది, గరిటె నిలబడిపోయింది. లవంగం, దాల్చినచెక్క నూనెలు సబ్బుని అలా తొందరపెడతాయి, పైగా చర్మానికి చురుకు. మొదటి వాయికి 5 గ్రాముల నిమ్మగడ్డి నూనె, 3 గ్రాముల ప్యాచౌలి (మట్టి వాసనలాంటి సువాసనున్న ఆకు) నూనె చాలు. నిమ్మ, నారింజ లాంటి తేలిక వాసనలు నెల తిరిగేసరికి చాలావరకు ఎగిరిపోతాయి. ప్యాచౌలి, వట్టివేరు లాంటి బరువు వాసనలు నిలబడి, పక్కవాటినీ కాస్త పట్టి ఉంచుతాయి. ఇంట్లో పూసిన మల్లెలు, గులాబీ రేకులు మాత్రం వేయకండి. కాస్టిక్ ముందు మల్లె వాసన మిగలదు, గులాబీ రేకులు గోధుమరంగుకి తిరిగి ఎండిన ఆకుల్లా కనిపిస్తాయి.

రంగు కావాలంటే అర చెంచా పసుపు నూనెలో కలుపుకోవచ్చు. కాస్టిక్ పడగానే ఎర్రబడుతుంది, కంగారు పడకండి. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా రావడం లేదూ, ఇదీ అదే. రోజులు గడిచేకొద్దీ ఆ ఎరుపు తగ్గి నారింజ రంగులోకి దిగుతుంది.

ఖాళీ స్వీట్ డబ్బాకి లోపల బటర్ పేపర్ పరిచి పోసేయండి. రెండుసార్లు బల్లకేసి తట్టితే గాలి బుడగలు పోతాయి. చలికాలమైతే తువ్వాలు కప్పాలి. మన మే నెల ఎండల్లో ఆ అవసరం లేదు. మరుసటి రోజు గట్టిపడ్డాక గ్లవ్స్‌తోనే ఏడు బిళ్లలుగా కోయండి. పైన తెల్లటి బూడిదలాంటి పొర కనిపిస్తే అది గాలి తగిలి ఏర్పడిన బట్టల సోడా, తుడిస్తే పోతుంది.

ఇక ఓపిక పట్టాలి. బిళ్లలు ఒకదానికొకటి తగలకుండా గాలి ఆడే నీడలో కనీసం 4 వారాలు ఆరాలి. వానాకాలంలో, ముఖ్యంగా సముద్రం పక్క ఊళ్లలో, సబ్బుకి చెమట పట్టినట్టు చుక్కలు వస్తాయి. గ్లిజరిన్ గాలిలోని తేమని లాక్కోవడం వల్ల అలా అవుతుంది, సబ్బు చెడిపోయినట్టు కాదు. నాలుగు వారాలయ్యాక తడి వేలితో బిళ్లని రుద్ది నాలుక కొసకి అంటించి చూడండి. చిన్న బ్యాటరీ తగిలినట్టు చురుక్కుమంటే కాస్టిక్ మిగిలినట్టే, ఆ సబ్బు ఒంటికి వద్దు. ఉత్త సబ్బు రుచి వస్తే స్నానానికి వాడుకోవచ్చు.

ఈలోగా మీకో పని. ఒక బిళ్ల మీద గుర్తు పెట్టి, తేదీతో పాటు బరువు రాసుకోండి. వారానికోసారి తూచి ఆ కిందే రాయండి. నీరు ఎగిరిపోతున్నకొద్దీ బరువు తగ్గుతూ వచ్చి, ఒక చోట దాదాపు ఆగుతుంది. ఆ కాగితం పారేయకండి. నీళ్లు ఎంత తగ్గించొచ్చో తేల్చుకోవడానికి 4వ పాఠంలో మీ అంకెలే కావాలి.