ముసురులో సైకిలు: 3వ పాఠం – తడిసిన బ్రేకు

మొదటి పాఠంలో మడ్గార్డులు, రెండో పాఠంలో రెయిన్‌కోటు అయిపోయాయి. ఇక అసలు విషయానికి వద్దాం. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే కడపలో రెండు మూడు రోజులు ముసురు వదలదు. పనికి పోక తప్పదు. చిన్నచౌకు నుంచి ఏడు రోడ్ల దాకా రోజూ సైకిలు మీద పోయే మనిషి ఆ రోజుల్లో ముందుగా నేర్చుకోవాల్సింది ఆపడం.

ఎండలో బ్రేకు నొక్కగానే రబ్బరు రిమ్మును పట్టుకుంటుంది. వానలో ఆ రెండిటి మధ్య నీటి పొర ఉంటుంది. మీరు నొక్కిన మొదటి నొక్కుకు రబ్బరు ఆ నీళ్లను తుడవడం తప్ప ఇంకేం చేయదు. సైకిలు తన దారిన తాను పోతూనే ఉంటుంది. భయమేసి ఇంకా గట్టిగా బిగిస్తాం. ఈలోగా నీళ్లు తుడుచుకుపోతాయి, రబ్బరు ఒక్కసారిగా కరుచుకుంటుంది, చక్రం బిగుసుకుపోతుంది, టైరు జారుతుంది. బ్రేకు అసలు పట్టకపోవడం కంటే ఇలా ఆలస్యంగా, ఒకేసారి పట్టడంతోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

ఎంత దూరం పోతామో లెక్క వేసి చూడండి. 28 అంగుళాల చక్రం ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 2.2 మీటర్లు ముందుకు పోతుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో ఉంటే సెకనుకు దాదాపు రెండు చుట్లు. నీళ్లు తుడవడానికి నాలుగు చుట్లు పట్టిందనుకుంటే, తొమ్మిది మీటర్లు పోయాక గానీ బ్రేకు తన పని మొదలుపెట్టదు. ముందు పోతున్న షేర్ ఆటో చెయ్యెత్తిన మనిషి కోసం టక్కున ఆగితే మనకు అంత చోటు ఎక్కడుంటుంది?

పాత సైకిళ్లకు ఉండే మెరిసే స్టీలు రిమ్ములు తడిస్తే మరీ మొండికేస్తాయి. అల్యూమినియం రిమ్ములు వాటికంటే చాలా నయం. వైరుకు బదులు ఇనుప కడ్డీలతో పనిచేసే రాడ్ బ్రేకుల సైకిలైతే ఈ పాఠం మీకు రెండింతలు అవసరం.

ఇక సాధన. దీనికి వాన కోసం ఎదురుచూడక్కర్లేదు. ఇంటి దగ్గర బండ్లు తిరగని సిమెంటు రోడ్డు ఒకటి చూసుకుని, సుద్దతో అడ్డంగా ఒక గీత గీయండి. రబ్బరు తగిలే చోట రిమ్ము చుట్టూ చెంబెడు నీళ్లు పోసి, మామూలు వేగంతో వచ్చి, గీత దగ్గర బ్రేకు వేయండి. ఎక్కడ ఆగారో అక్కడ గుర్తు పెట్టండి. మళ్లీ నీళ్లు పోసి రండి. ఈసారి గీతకు పది, పదిహేను మీటర్ల ముందు నుంచే రెండు లివర్లనూ వేళ్లతో అలా ఆనించండి. ఆపడానికి కాదు, రబ్బరు రిమ్మును తాకితే చాలు. చెవి పెట్టి వినండి. మొదట సర్రుమని తడి చప్పుడు వస్తుంది. రెండు మూడు చుట్లకు ఆ చప్పుడు మారి గరగరమంటుంది, లివరులో చేతికి పట్టు తగులుతుంది. రిమ్ము ఆరిందని అదే గుర్తు. అప్పుడు నెమ్మదిగా బిగిస్తూ పోండి. రెండు గుర్తులకూ మధ్య దూరం మీరే కొలిచి చూడండి, నేను చెప్పడం కంటే అది బాగా చెబుతుంది.

రోడ్డు మీద దీన్ని అలవాటుగా మార్చుకోవాలి. ముందు సర్కిల్ కనబడినా, పిల్లలు నడుస్తున్నా, ఆటో వేగం తగ్గినా ముందే ఒకసారి రిమ్ము తుడవండి. జడివానలో ఏ అవసరం లేకపోయినా మధ్యమధ్యలో తుడుస్తూ ఉండాలి, ఎందుకంటే వదిలిన కాసేపటికే మళ్లీ తడుస్తుంది.

రెండు బ్రేకులూ కలిపి వాడండి. తడి రోడ్డు మీద ముందు బ్రేకు మీద ఎండలో వేసినంత భారం వేయకూడదు. వెనక చక్రం జారితే సర్దుకునే వీలుంటుంది, ముందు చక్రం జారితే పడిపోవడమే. మలుపులో అసలు నొక్కకండి. వేగమంతా మలుపు ముందే, హ్యాండిల్ తిన్నగా ఉండగానే తగ్గించుకోవాలి. అందుకే ఒక చేత్తో గొడుగు పట్టుకుని తొక్కవద్దని రెండో పాఠంలో అంత గట్టిగా చెప్పాను. గొడుగు పట్టుకున్న చేతికి బ్రేకు ఉండదు.

మన ఊళ్లో ఇంకో చిక్కు ఉంది. ఎర్రగుంట్ల వైపు నుంచి వచ్చే నాపరాళ్లు, అంటే దేశమంతా కడప బండలని పేరుపడ్డ రాళ్లు, మనకు అంగళ్ల ముందూ కాలువల మీదా పరిచి ఉంటాయి. అరిగి నున్నబడ్డ బండ తడిస్తే టైరుకు పట్టే దొరకదు. రోడ్డు మీది తెల్లగీతలు, మ్యాన్‌హోల్ ఇనుప మూతలు కూడా అంతే. తప్పించుకునే దారి లేకపోతే తొక్కడం ఆపి, బ్రేకు ముట్టకుండా, హ్యాండిల్ తిప్పకుండా తిన్నగా దాటేయండి. చాలా రోజుల తర్వాత పడే మొదటి చినుకుల్లో రోడ్డంతా ఇలాగే ఉంటుంది. పేరుకున్న దుమ్మూ ఆయిలూ నీళ్లతో కలిసి పైకి తేలతాయి. బాగా కురిసి కడిగేసిన రోడ్డు దానికంటే మేలు. ఆ మొదటి పావుగంట ఏదైనా చూరు కింద నిలబడగలిగితే నిలబడండి.

రోడ్డుకు అడ్డంగా పారే నీళ్ల విషయంలో మాత్రం సాధన, నేర్పు అనే మాటే లేదు. బుగ్గవంక పొంగినప్పుడు గానీ, ఏ వంక మీది కాజ్‌వే మునిగినప్పుడు గానీ దిగకండి. నీళ్లు మోకాలి దాకా లేకపోయినా సరే, వెనక్కి తిరగండి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఆర్టీసీ బస్సులే వరదలో చిక్కుకుపోయాయి. సైకిలెంత?

ఇంటికి చేరాక ఐదు నిమిషాల పని మిగిలి ఉంటుంది. తడి గుడ్డతో రిమ్ములు తుడిచి, బ్రేకు రబ్బర్లను దగ్గరగా చూడండి. వానలో లేచిన సన్నటి ఇసుక రబ్బరులో గుచ్చుకుని ఉంటుంది. బ్రేకు వేస్తే గీరుతున్నట్టు కీచుమనే చప్పుడు దానిదే, అలాగే వదిలేస్తే రిమ్ము మీద చారలు పడతాయి. పిన్నీసు మొనతో ఒక్కో రేణువునూ తీసేయండి. రబ్బరు మీది గాడులు అరిగిపోయి నున్నగా అయితే కొత్తవి వేయించండి, ముసురు రోజుల్లో దీన్ని వాయిదా వేయకూడదు. లివరు పూర్తిగా నొక్కితే హ్యాండిల్‌కు తగులుతోందంటే వైరు బిగించాలి. ఇక ముఖ్యమైన మాట: చైనుకు ఆయిల్ వేసేటప్పుడు రిమ్ముకు పాత గుడ్డ అడ్డం పెట్టండి. ఒక్క చుక్క పడినా బ్రేకు పని పోతుంది. పడితే సబ్బు నీళ్లతో, జిడ్డు పోయేదాకా కడగాల్సిందే.

జమ్మలమడుగు వైపు నల్లరేగడి దారుల్లో తొక్కేవాళ్లకు ఇంకో పని. ఆ మన్ను మడ్గార్డుకూ టైరుకూ మధ్య గట్టిపడి చక్రాన్నే ఆపేస్తుంది. క్యారియర్‌కు ఒక పుల్ల కట్టుకుని, దారిలోనే గీకేసుకుంటూ పోండి.

ఈ వారం సుద్దగీత సాధన రోజూ కాసేపు చేయండి. లివరు ఆనించగానే చప్పుడు మారడం చూడకుండానే తెలిసేదాకా చేయాలి. నాలుగో పాఠంలో చైను, తుప్పు సంగతి చూద్దాం.