తామర మందుకు తగ్గని మచ్చ: బయాప్సీకి వెళ్లేముందు, రిపోర్టు వచ్చాక

శ్రీకాకుళం ఉక్కపోతకి తామర ఎవరికైనా వస్తుంది. పలాసలో జీడిపిక్కలు కొట్టేవాళ్ల చేతులు జీడినూనెకి బొబ్బలెక్కుతాయి. అవి వేరే సంగతి. పిరుదుల మీద, తొడల లోపల, రొమ్ముల కింద, అంటే ఎండ తగలని చోట, ఉల్లిపొర నలిపినట్టు ముడతలు పడ్డ మచ్చ నెలల తరబడి ఉండిపోతే చర్మపు లింఫోమా (చర్మంలో చేరే తెల్లరక్తకణాల క్యాన్సర్) ఉందేమో చూడాలి. ఇందులో ఎక్కువగా కనిపించే రకం మైకోసిస్ ఫంగాయిడిస్. పేరులో ఫంగస్ ఉన్నా బూజుతో సంబంధం లేదు. 1806లో దీన్ని మొదట వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు ఆలిబేర్‌కి గడ్డలు పుట్టగొడుగుల్లా కనిపించాయి, అంతే.

ముందు మచ్చ మీద పొలుసు గీకి తామర పరీక్ష చేయించండి. కళ్లు మూసుకుని దూదిపోగుతో తాకించుకోండి. స్పర్శ తెలియకపోతే కుష్ఠు పరీక్షకి పీహెచ్‌సీకి వెళ్లాలి. పిల్లల్లో, చామనఛాయ ఒళ్లలో ఈ లింఫోమా తెల్లమచ్చలుగానూ వస్తుంది. శోభి అనో బొల్లి అనో ఏళ్లు గడిచిపోతాయి.

అసలు చిక్కు మందులషాపు ట్యూబుతో. తామర మందులో స్టెరాయిడ్ కలిపి ఉంటే అది చర్మంలోని లింఫోసైట్లని (ఈ జబ్బులో చెడే తెల్లరక్తకణాలని) తగ్గించేస్తుంది, బయాప్సీకి చర్మం ముక్క తీసినా ఏమీ కనిపించదు. అందుకే డాక్టరుకి చెప్పి రెండు నుంచి నాలుగు వారాలు ఆ పూత ఆపాక బయాప్సీకి వెళ్లండి. ముక్క 4 నుంచి 6 మిల్లీమీటర్లది, వీలైతే రెండు మూడు మచ్చల నుంచి తీయించుకోండి. ముక్కకి పదింతలైనా 10 శాతం ఫార్మలిన్ ఉండాలి. సెలైన్‌లో వేసి విశాఖ బస్సెక్కిస్తే మన ఎండకి దారిలోనే పాడవుతుంది. సీసా మీద ఏ చోటు, ఏ పక్క అన్నది రాయించండి.

రిపోర్టు అర్థం కావాలంటే ఒక్కటి గుర్తుంచుకోండి: కంచే చేను మేసిన జబ్బు ఇది. చర్మాన్ని కాయాల్సిన టీ కణాలే (లింఫోసైట్లలో ఒక రకం), చాలామందిలో సీడీ4 అనే గుర్తున్నవి, చెడిపోయి పైపొరలోకి ఎక్కుతాయి. అక్కడ కాపలా ఉండే లాంగర్‌హాన్స్ కణాల చుట్టూ గుంపు కడితే పోట్రియే మైక్రోఆబ్సెస్ అని రాస్తారు. అది కనిపించనంత మాత్రాన జబ్బు లేదని కాదు. మొదట్లో సీడీ8 కణాలు, అంటే ఇంకో రకం టీ కణాలు, ఈ చెడ్డవాటితో పోరాడతాయి. ముక్కలో చెడ్డవాటికన్నా మంచివే ఎక్కువ ఉంటాయి కాబట్టి తొలి బయాప్సీ తేలకపోవడం మామూలే. డాక్టరు మళ్లీ తీస్తానంటే విసుక్కోకండి. (తెల్లమచ్చల రకంలో మాత్రం తరచు సీడీ8 కణాలే చెడ్డవి.) టీ కణాల మీద ఉండే సీడీ7 అనే గుర్తు తగ్గిందని ఉన్నా కంగారు పడొద్దు, ఎగ్జిమాలోనూ తగ్గుతుంది. అనుమానం మిగిలితే టీసీఆర్ (టీ కణాల గ్రాహకం) జన్యు పరీక్ష అడగండి, అన్నీ ఒకే కణం సంతానమా అన్నది అందులో తెలుస్తుంది.

జబ్బు ముదిరితే రోగనిరోధకత దారి మళ్లుతుంది. టీ కణాల స్పందనలో టీహెచ్1 అనే తీరు తగ్గి టీహెచ్2 అనే తీరు పైచేయి అవుతుంది. దురద నిద్ర పట్టనివ్వదు, పుళ్లలో స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా చేరి చీము పడుతుంది. ఒళ్లంతా ఎర్రబడి చంకల్లో, గజ్జల్లో బిళ్లలు కడితే సెజరీ సిండ్రోమ్ (చెడ్డ కణాలు రక్తంలోకీ చేరే రకం) కోసం రక్తపరీక్ష ఆలస్యం చెయ్యకూడదు.

మచ్చల విస్తీర్ణం మీ అరచేతితో కొలవండి, వేళ్లతో కలిపి ఒంట్లో దాదాపు ఒక శాతం. మచ్చలన్నీ పది అరచేతుల లోపే ఉండి, గడ్డలూ బిళ్లలూ లేకపోతే తొలిదశే, స్టెరాయిడ్ పూతతోనో వారానికి రెండు మూడుసార్లు నేరోబ్యాండ్ యూవీబీ అనే అతినీలలోహిత కాంతితోనో చాలామందికి అదుపులో ఉంటుంది. విశాఖలో కేజీహెచ్‌కో అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్లేటప్పుడు కాగితం రిపోర్టు ఒక్కటే చాలదు, స్లైడులు, ముక్కని పొదిగి ఉంచిన మైనం దిమ్మ కూడా ల్యాబులో అడిగి పట్టుకెళ్లండి.