తుపాను తర్వాత కరెంటొచ్చింది, సామాన్లు పోయాయి: ఎక్కడ ఏం చూడాలి

తిరుపతిలో ఇళ్ల వైరింగు, మోటార్ల రిపేరు పని చేస్తాను. మాకు గట్టి వానలంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. 2021 నవంబరు వరదలప్పుడూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానప్పుడూ నాకొచ్చిన ఫోన్లలో ఎక్కువ ఒకటే మాట: "అన్నా, పిడుగు పడి టీవీ పోయింది." వెళ్లి చూస్తే నిజంగా పిడుగు దెబ్బ తగిలిన ఇళ్లు ఒకటో రెండో. మిగతావన్నీ వాన వెలిశాక, కరెంటు తిరిగొచ్చిన పది నిమిషాల్లో పోయినవే.

అందుకని ముందు ఒక అలవాటు. కరెంటు పోగానే ఫ్రిజ్, టీవీ, ఏసీ, మోటారు అన్నిటి స్విచ్‌లు ఆపి ప్లగ్గులు పీకేయండి. తిరిగొచ్చాక ఒక ఫ్యాను, ఒక బల్బు మాత్రం వేసి ఐదు నిమిషాలు గమనించండి. కనబడే లక్షణాన్ని బట్టి కింద చూసుకోండి.

లైట్లు ధగధగా మండుతున్నాయి, ఫ్యాను విమానంలా తిరుగుతోంది

అన్నిటికన్నా ప్రమాదమైంది ఇదే. ఒక్క క్షణం ఆలోచించకుండా మెయిన్ ఆఫ్ చేయండి. తర్వాత మిగతాది చదవండి.

కారణం న్యూట్రల్ తెగడం. వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజులు (కరెంటు తెచ్చే వైర్లు), ఒక న్యూట్రల్ (కరెంటు తిరిగెళ్లే వైరు) వస్తాయి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 240 ఓల్టులు, ఫేజుకీ ఫేజుకీ మధ్య 415. కొమ్మ విరిగిపడో, తుప్పు పట్టిన జాయింటు ఊడో స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే, వేర్వేరు ఫేజుల మీదున్న రెండిళ్ల సామాన్లు ఒకే దండలో గుచ్చినట్టు 415 ఓల్టుల మధ్య వేలాడతాయి. అప్పుడు ఎవరికెంత ఓల్టేజి అన్నది ఎవరేం వేశారన్నదాన్ని బట్టి ఉంటుంది.

కొర్లగుంటలో ఒక మూడంతస్తుల ఇంట్లో ఇది కళ్లారా చూశాను. కింద ఇంటి ఓనరమ్మ గీజర్ వేశారు. అదే నిమిషంలో పైన అద్దెకుండేవాళ్ల దేవుడి గదిలో జీరో బల్బు తెల్లగా వెలిగి టప్‌మని పోయింది, వెంటనే సెట్‌టాప్ బాక్సు అడాప్టరులోంచి పొగ. కిందకొస్తే ఓనరమ్మ, "ఏంది సామీ, అరగంటయింది, నీళ్లు గోరువెచ్చగా కూడా కాలేదు" అంటున్నారు. రెండు ఫిర్యాదులూ ఒకే జబ్బు. కింద 2000 వాట్ల గీజర్, పైన 100 వాట్ల గుండు బల్బు మాత్రమే ఉన్నాయనుకుని లెక్క కట్టండి: గీజర్‌కి దక్కేది సుమారు 20 ఓల్టులు, పైన బల్బు మీద పడేది 395. తక్కువ వాడేవాడి మీదే ఎక్కువ పడుతుంది. రాత్రి పూట ఏమీ వాడకుండా పడుకున్నవాళ్ల ఫ్రిజ్జులు, మోడెమ్‌లు పోయేది అందుకే.

ఇప్పటి ఎల్ఈడీ బల్బులతో ఒక చిక్కుంది. మంచి కంపెనీవైతే ఓల్టేజి పెరిగినా వెలుగు మారదు, పాడయ్యేదాకా తెలియదు. కాబట్టి ఫ్యాను వేగాన్ని నమ్మండి. ఇంకా మంచిది, ఒక పాత ఫిలమెంటు బల్బు దాచుకోండి. మల్టీమీటరు ఉంటే బోర్డులో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య పెట్టి చూడండి. 210 నుంచి 250 లోపుంటే పర్వాలేదు. 270 దాటితే మెయిన్ ఆఫ్.

పరిష్కారం మీ చేతిలో లేదు, లైన్‌మ్యాన్ స్తంభం ఎక్కాల్సిందే. 1912కి ఫోన్ చేసినప్పుడు "కరెంటు సరిగ్గా రావట్లేదు" అనకండి. "న్యూట్రల్ కట్టయింది, ఓల్టేజి ఎక్కువొస్తోంది, సామాన్లు కాలిపోతున్నాయి" అని విడమరిచి చెప్పి, బిల్లు మీదున్న సర్వీస్ నంబరు ఇవ్వండి. ఆ తర్వాత మేడ మీదివాళ్లకీ పక్కింటివాళ్లకీ చెప్పి మెయిన్లు ఆపించండి.

ఇక్కడే కొందరు చేసే ఒక పాడు పని చెప్పాలి. న్యూట్రల్ రావట్లేదని బోర్డులో ఎర్తు వైరుని న్యూట్రల్‌కి కలిపేస్తారు. లైటు వెలుగుతుంది, ఇంటివాళ్లు సంతోషిస్తారు. కానీ మన వైపు నేల సగం రాయి, ఎర్తు గుంట ఎండిపోయి ఉంటే ఆ కరెంటు భూమిలోకి దిగదు. ఫ్రిజ్ డోరు, గ్రైండర్ బాడీ, గీజర్ పైపు అన్నీ షాకు కొడతాయి. ఎంత బతిమాలినా చేయనివ్వకండి.

లైట్లు మినుకుమంటున్నాయి, ఫ్రిజ్ గుర్రుమని ఆగిపోతోంది

మీ ఇంట్లోనేనా, వీధంతానా? ముందు అది తేల్చుకోండి. వీధిలో కొన్నిళ్లకి బాగుండి, మిగతావాళ్లందరికీ 110, 120 ఓల్టులే వస్తుంటే ట్రాన్స్‌ఫార్మర్‌కి పైనుంచి వచ్చే 11 కేవీ (11 వేల ఓల్టుల) లైన్‌లో ఒక ఫేజు ఫ్యూజు పోయింది. కింద ఒక ఫేజు నిండుగా, రెండు ఫేజులు సగం సగంగా వస్తాయి. మీ ఒక్క ఇంట్లోనే అయితే సర్వీస్ వైరు స్తంభం దగ్గర లూజు, లేదా మీటరు కింద కటౌట్‌లో (ఫ్యూజు ఉండే చోట) కాలిన జాయింటు. కటౌట్ దగ్గర కాలిన వాసన, నల్లటి మరక ఉంటే అదే.

ఈలోగా ఫ్రిజ్ ప్లగ్గు పీకి ఉంచండి. తక్కువ ఓల్టేజికి కంప్రెసరు తిరగలేక గుర్రుమంటుంది, వేడెక్కి పక్కనున్న ఓవర్‌లోడ్ అనే రక్షణ స్విచ్ టక్‌మని కట్టవుతుంది, చల్లారాక మళ్లీ ప్రయత్నిస్తుంది. రెండు మూడు గంటలు అలా కొట్టుకుంటే కంప్రెసరే పోవచ్చు. కరెంటు కుదురుకున్నాక కూడా ఐదు నిమిషాలు ఆగి వేయండి. అప్పటికీ టక్ టక్ శబ్దమే వస్తుంటే కంప్రెసరుని స్టార్టు చేసే రిలే, ఓవర్‌లోడ్ మార్చి చూడమనండి. వాటి ఖరీదు తక్కువ. ఆ రెండూ మార్చి చూడకుండా కంప్రెసర్ మార్చాలనే మెకానిక్కుని నేనైతే నమ్మను.

టీవీకి ఎర్ర లైటు కూడా రావట్లేదు

కంగారుపడి కొత్తది కొనేయకండి. స్క్రీన్ బాగానే ఉండి పవర్ బోర్డు మాత్రమే పోయిన టీవీలు చాలా చూశాను. బోర్డు మీద కరెంటు లోపలికొచ్చే చోట ఒక ఫ్యూజు, దాని పక్కన రూపాయి బిళ్లకన్నా చిన్నదిగా నీలం రంగు గుండ్రటి బిళ్ల ఉంటాయి. ఓల్టేజి ఎగిసినప్పుడు ఆ బిళ్ల తాను షార్టయి, ఫ్యూజుని కొట్టించి, వెనకున్న బోర్డుని కాపాడుతుంది. అది పగిలి నల్లబడి ఉంటే దాని పని అది చేసినట్టే. రెండూ మారిస్తే చాలాసార్లు టీవీ బతుకుతుంది. ప్లగ్గు పీకినా లోపల కెపాసిటర్లలో చార్జి ఉంటుంది, మీరే మూత విప్పకండి. ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టి ఇచ్చేవాడి దగ్గరికి మళ్లీ వెళ్లకండి.

మోడెమ్ మాత్రమే పోయి మిగతావన్నీ బాగుంటే దెబ్బ రాగి కేబుల్ వైరు గుండా వచ్చి ఉండొచ్చు. ఉరుములప్పుడు దాన్నీ పీకాలి.

ఫ్యాను నీరసంగా తిరుగుతోంది

ఓల్టేజి సరిగ్గా ఉండీ ఇలా ఉంటే కెపాసిటర్. చాలా ఫ్యాన్లకి 2.5 ఎంఎఫ్‌డీ, పాతది చూసి అదే వేయించండి. రెగ్యులేటర్ ఐదో నంబరులో మాత్రమే తిరిగి మిగతా నంబర్లలో తిరగకపోతే రెగ్యులేటర్ పోయింది.

ఈఎల్‌సీబీ పడిపోతోంది, ఎత్తితే నిలబడట్లేదు

ఈఎల్‌సీబీ అంటే కరెంటు ఎర్తులోకి కారితే పడిపోయే స్విచ్. ఇప్పుడు పడుతోందంటే కారణం తడి. గోడలోకో, గేటు లైటులోకో, మేడ మీది మోటారు స్విచ్‌లోకో నీళ్లు దిగాయి. ఎంసీబీలన్నీ (బోర్డులో ఒక్కో లైన్‌కి ఉండే స్విచ్‌లు) ఆఫ్ చేసి ఈఎల్‌సీబీ ఎత్తండి. తర్వాత ఒక్కొక్కటీ వేస్తూ రండి, ఏది వేసినప్పుడు పడిందో ఆ లైన్‌లోనే తడి ఉంది. అన్నీ ఆఫ్‌లో ఉన్నా పడుతుంటే ఎలక్ట్రీషియన్ కూడా తికమకపడతాడు. మన ఇళ్లలో ఎంసీబీ ఫేజుని మాత్రమే తెంపుతుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది. ఆ న్యూట్రల్ ఎక్కడో తడి గోడలో ఎర్తుకి తగులుతోందన్నమాట. బోర్డులో న్యూట్రల్ వైర్లు ఒక్కొక్కటీ విప్పి చూడమనండి. అది మెయిన్ ఆపి చేయాల్సిన పని. ఎండ కాసి రెండు రోజులకి దానంతటదే సర్దుకోవచ్చు. అంతే తప్ప ఈఎల్‌సీబీని పక్కన పెట్టి నేరుగా కలిపించుకోవద్దు.

సామాను పోయింది, పరిహారం అడగొచ్చా

అడగాలంటే ఆధారం ఉండాలి. మీటరు రీడింగు కనబడేలా తేదీ, సమయంతో ఫొటో, 1912 ఇచ్చిన ఫిర్యాదు నంబరు, రిపేరు బిల్లు దాచుకోండి. కరెంటోళ్ల సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. 2003 విద్యుత్ చట్టం ప్రకారం ప్రతి పంపిణీ సంస్థకీ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉండాలి, తేలకపోతే అక్కడికి వెళ్లొచ్చు. నాలుగిళ్లవాళ్లు కలిసి ఇచ్చిన కాగితానికి బరువెక్కువ.

బోరు మోటారు గుర్రుమంటోంది, నీళ్లు రావట్లేదు

త్రీఫేజు మోటారుకి ఒక ఫేజు రాకపోతే ఇలా ఉంటుంది. వెంటనే ఆపకపోతే వైండింగు కాలుతుంది. స్టార్టరు పెట్టెలో ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారుని ఆపేసే పరికరం) ఉండేది దీనికోసమే. మొన్న పలమనేరు వైపు ఒక రైతు పిలిస్తే వెళ్లాను. వెయ్యి అడుగుల బోరు. పెట్టె తెరిస్తే ప్రివెంటర్ వైర్లు రెండూ మెలిపెట్టి టేపు చుట్టి ఉన్నాయి. "మాటిమాటికీ పడిపోతాంది అన్నా, నేనే కలిపేసినా" అన్నాడు. మోటారు కాలిపోయింది, పైపులు పైకి లాగడానికి మరుసటి రోజు బండి మాట్లాడాల్సి వచ్చింది.