మంచం కింద ఇంజిన్: మోటార్‌హోమ్‌లో వేడి తగ్గించుకోవడం ఎలా?

పాత బస్సుల్లో డ్రైవర్ పక్కన బానెట్ మీద కూర్చుని ఊరెళ్లినవాళ్లకి ఇంజిన్ వేడి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. అమెరికాలో ‘డీజిల్ పుషర్’ అనే పెద్ద మోటార్‌హోమ్‌లలో, అంటే ఇల్లులా అమర్చుకున్న బళ్లలో, ఆ ఇంజిన్ బండి వెనక, చాలావాటిలో పడకగది మంచం కిందే ఉంటుంది. రేడియేటర్ కూడా వెనకే ఉంటే ఎదురుగాలి దానికి తగలదు, భారమంతా ఫ్యాన్‌దే.

ముందు రేడియేటర్ సంగతి చూడండి. చాలామంది బండి వెనక నిలబడి పైపుతో నీళ్లు కొట్టి, శుభ్రమైపోయింది అనుకుంటారు. అసలు మురికి లోపల, ఫ్యాన్ వైపు ఉంటుంది. ఇంజిన్ బ్రీదర్ గొట్టంలోంచి వచ్చే నూనె ఆవిరిని, చక్రాలు లేపిన దుమ్మును ఫ్యాన్ లాగి అక్కడే పూతలా పట్టిస్తుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మంచం కింది మూత తీసి, అల్యూమినియానికి హాని చేయని డీగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రావణం) ఫ్యాన్ వైపు నుంచి చల్లండి. డబ్బా మీద రాసినంతసేపు నాననిచ్చి, సన్నటి ధారతో కడగండి. అవతల తేటనీళ్లు వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. ఓపిక కావాలి. ప్రెషర్ వాషర్ జోలికి పోవద్దు, రేడియేటర్‌లోని పల్చటి రేకులు (ఫిన్లు) వంగిపోతాయి.

తర్వాత ఆ బ్రీదర్ గొట్టానికే ఇంకో ముక్క తగిలించి, ఫ్యాన్‌కి అందనంత దూరానికి, కిందికి వాలేలా దించండి. మధ్యలో వంపు తిరిగి నీరు నిలవకూడదు. ఇది చేయకపోతే కడిగిన కష్టం వృథా.

ఇక మంచం మూత. అంచుల రబ్బరు ఎండిపోయి ఉంటే మార్చండి, అడుగున వేడిని తట్టుకునే రేకు పొర అతికించండి, వైర్లు దూరిన కంతలు పూడ్చండి. ఆ కంతల్లోంచి వేడే కాదు, కార్బన్ మోనాక్సైడ్ కూడా పడకగదిలోకి రాగలదు. అందుకే పొగగొట్టం లీకు ఉంటే ముందు అది బాగుచేయించండి. గాలి కోసం వదిలిన జాలీలు మాత్రం మూయొద్దు.

లాస్ ఏంజెలెస్ నుంచి లాస్ వేగస్ వెళ్లే దారిలో బేకర్ అనే ఊరు దాటాక ఎత్తు మొదలవుతుంది. వేడెక్కకుండా ఏసీ ఆపమని అక్కడ బోర్డులే ఉన్నాయి. ఎక్కేటప్పుడు గేరు తగ్గించి, యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేయండి. ఇంజిన్ వేగంగా తిరిగితే నీటి పంపు, చాలా బళ్లలో ఫ్యాన్ కూడా, వేగం అందుకుంటాయి. అయినా ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకే పోతుంటే పక్కకి ఆపండి. రేడియేటర్ మూత మాత్రం చల్లారేదాకా ముట్టుకోవద్దు.